పాత దూలం పాడుతుందా?

పిల్లలూ! ఈ పేజీ చదవటం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చెయ్యండి. లేచి వెళ్ళి, మీ ఇంట్లో ఉన్న తలుపులన్నిటినీ వేలి కణుపుతో కొట్టి వినండి. ఈమధ్య పెట్టించిన తలుపైతే చాలావరకు ‘డబ్ డబ్’మని మొద్దుగా పలుకుతుంది. దానిలో రంపపుపొట్టూ జిగురూ కలిపి నొక్కిన అట్టచెక్క ఉంటుంది. మీ అమ్మమ్మగారి ఊళ్ళో పాత ఇల్లు ఉంటే, అక్కడి టేకు తలుపును కొట్టి చూడండి. ‘టంగు’మని, కొట్టిన తరవాత కూడా ఒక్క క్షణం నిలిచే ధ్వని వస్తుంది. ఎవరైనా “తలుపులెందుకు కొడుతున్నావురా?” అని అడిగితే, “చెక్కకు గొంతు ఉన్నదేమో చూస్తున్నా” నని చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి. గిటార్లు చేసే పనివాళ్ళు కూడా చెక్క కొనే ముందు సరిగా ఇదే పని చేస్తారు.

ఈ నెల మనం తేల్చుకోవలసిన ప్రశ్న ఇది: కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతాలలో పాత పెంకుటిళ్ళు విప్పి, వాటి చోట సిమెంటు ఇళ్ళు కట్టుకుంటున్నారు గదా! ఆ ఇళ్ళనుంచి ఊడదీసిన దూలాలలో కొన్ని సామాను చేసేవాళ్ళ దగ్గరికి పోతున్నాయి, కొన్ని పొయ్యిలోకి పోతున్నాయి. అటువంటి దూలంతో గిటారు చెయ్యవచ్చునా? చేస్తే అది కొత్త చెక్కతో చేసిన గిటారు కన్నా బాగా పలుకుతుందా?

దీనికి జవాబు చెప్పాలంటే, అసలు గిటారులో పాడేది ఎవరో తెలియాలి. తీగ పాడుతుందని మీరు అనుకుంటారు. తీగ వణుకుతుంది, అంతే. గిటారులో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 82 సార్లు వణుకుతుంది. అన్నిటికన్నా సన్నతీగ 330 సార్లు వణుకుతుంది. కాని తీగ మరీ సన్నం గనక గాలిని తొయ్యలేదు. గాలి దాని పక్కనుంచి జారిపోతుంది. విసనకర్రకు బదులు పుల్లతో విసురుకుంటే గాలి వస్తుందా? ఇదీ అంతే.

కావలిస్తే పరీక్ష చెయ్యండి. మీ నాన్నగారి ఫోనును మోగకుండా వణికేటట్టు పెట్టి, దుప్పటి మీద ఉంచి, ఇంకో ఫోను నుంచి పిలవండి. గురగుర మాత్రం వినిపిస్తుంది. తరవాత అదే ఫోనును చెక్కబల్ల మీద ఉంచి పిలవండి. ఇల్లంతా వినిపిస్తుంది! ఫోను పెరగలేదు, దాని బలమూ పెరగలేదు. అది వణికితే బల్ల వణికింది, బల్ల వెడల్పుగా ఉన్నది గనక బోలెడు గాలిని కదిలించింది. గిటారులో ఈ బల్ల పని చేసేది ముందువైపు పలక. తీగలు ఆ పలకమీద అతికించిన బ్రిడ్జి అనే చిన్న బద్దమీదుగా పోతాయి. వాటి వణుకు బ్రిడ్జిలోకి, అక్కడినుంచి పలకలోకి, పలక నుంచి గాలిలోకి దిగుతుంది. పెట్టెలో ఉన్న గాలి కూడా ఊరుకోదు. ఖాళీ సీసా మూతిమీద అడ్డంగా ఊదితే ‘బూ’మని పలుకుతుంది చూశారా, అట్లాగే పెట్టెలోని గాలి గుండ్రని రంధ్రం ద్వారా లోపలికీ బయటికీ ఊగి, కింది స్వరాలకు బలం ఇస్తుంది.

ఇప్పుడు ఆ పలకకు వచ్చిన కష్టం చూడండి. సులువుగా వణకాలంటే అది పల్చగా, తేలికగా ఉండాలి. మంచి గిటారులో ఈ పలక మందం మూడు మిల్లీమీటర్లకు మించదు, అంటే రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత. కాని ఉక్కు తీగలు ఆరూ కలిసి దానిని దాదాపు 70 కిలోల బలంతో లాగుతూ ఉంటాయి! ఒక పెద్దమనిషి బరువు రాత్రింబగళ్ళు దానిమీద వేలాడుతున్నట్టే. పల్చగా చేస్తే విరుగుతుంది, మందంగా చేస్తే మూగపోతుంది. పనివాడి నేర్పంతా ఈ రెంటికీ మధ్య ఉన్నది. అంచేత పలక లోపలి వైపున సన్నని బద్దలు అతికించి బలం కూరుస్తాడు. ఆ బద్దలు బయటికి కనబడవు. రంధ్రంలోకి చిన్న అద్దం పెట్టి చూస్తే కనబడతాయి.

తేలికగానూ ఉండి, గట్టిగానూ ఉండే చెక్క ఏది? చలిదేశాలలోనూ, హిమాలయాలలోనూ పెరిగే స్ప్రూస్ అనే చెట్టు కలపకు ఈ గుణం ఉన్నది. అందులో ధ్వని పోగు వెంబడి గాలిలో కన్నా పదిహేను రెట్లు వేగంగా పరుగెత్తుతుంది. అందుకని ప్రపంచంలో చాలా గిటార్లకు ముందు పలక స్ప్రూస్‌దే. వెనకవైపుకూ, పక్కలకూ మటుకు బరువైన గట్టి చెక్క వాడతారు. ఇక్కడే మన దేశం పేరు వస్తుంది. ప్రపంచమంతటా గిటార్ల వీపులకు పేరుపడ్డ రోజ్‌వుడ్ ఉన్నదే, అది మన జిట్రేగి. కొన్ని చోట్ల ఇరుగుడు అని కూడా అంటారు. ముదురు ఊదారంగులో నల్లని చారలతో, నున్నగా మెరుస్తూ ఉంటుంది. నేలతల్లి ఈ చెక్కను చెయ్యటానికి తీరిక తీసుకుంటుంది. లావెక్కటానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. కొట్టటానికి మాత్రం ఒక పూట చాలు.

ఫలితం మీరు ఊహించే ఉంటారు. బ్రెజిల్ దేశపు రోజ్‌వుడ్ ఎంత తరిగిపోయిందంటే, 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా ఆపేశారు. మన జిట్రేగి కూడా ప్రమాదంలో పడ్డ చెట్ల జాబితాలో చేరింది. 2017 జనవరి 2 నుంచి రోజ్‌వుడ్ జాతి చెట్లన్నిటి కలపకూ దేశాలు దాటాలంటే అనుమతి పత్రాలు కావాలన్నారు. అప్పుడు గిటారు చంకన పెట్టుకొని విదేశాలకు కచేరీలకు పోయేవాళ్ళకూ, గిటార్లు అమ్మేవాళ్ళకూ పెద్ద చిక్కు వచ్చిపడ్డది. 2019లో, తయారైపోయిన వాద్యాలకు ఆ నిబంధన సడలించారు. చెక్కకు మటుకు అట్లాగే ఉన్నది.

“అయితే జిట్రేగి లేకపోతే గిటారు పాడదా?” అని అడుగుతారు మీరు. ఈ అనుమానం పాతదే. స్పెయిన్ దేశంలో ఆంటోనియో తోర్రెస్ అనే మహా పనివాడు ఉండేవాడు. ఇవాళ మనం చూసే గిటారుకు ఆ ఆకారం స్థిరపరచినవాడు ఆయనే. గిటారులో పాడేది ముందు పలకేననీ, వీపుకూ పక్కలకూ అంత ప్రాముఖ్యం లేదనీ ఆయన నమ్మకం. ఆ మాట ఋజువు చెయ్యటానికి 1862లో ఒక వింత గిటారు చేశాడు. దానికి ముందు పలక చెక్కది. వీపూ, పక్కలూ కాగితపు అట్టవి! ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా నగరంలోని సంగీత మ్యూజియంలో ఉన్నది.

ఈ కాలపు పరీక్ష ఇంకా సరదాగా ఉంటుంది. ఇంగ్లండులో కొందరు శాస్త్రజ్ఞులు ఒక పనివాడి చేత ఆరు గిటార్లు చేయించారు. అన్నీ ఒకే కొలత, ఒకే రకం ముందు పలక. వీపూ పక్కలూ మాత్రం ఆరు రకాల చెక్కలు, చవక చెక్క మొదలుకొని, చేతికి చిక్కని బ్రెజిల్ రోజ్‌వుడ్ దాకా. తరవాత 52 మంది గిటారు వాయించేవాళ్ళను పిలిచి, గదిలో దీపాలు తగ్గించి, వెల్డింగు చేసేవాళ్ళు పెట్టుకునే నల్ల కళ్ళద్దాలు పెట్టి వాయించమన్నారు. చేతిలో ఉన్నది ఏ చెక్కో కంటికి తెలియదన్న మాట. అందరూ వాయించారు, మార్కులు వేశారు. మార్కులు దాదాపు సమానంగా వచ్చాయి! ఖరీదైన చెక్కను చవక చెక్క నుంచి నమ్మకంగా వేరు చెయ్యలేకపోయారు. 2018లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ధర తెలిస్తే చెవి కూడా మారిపోతుంది కాబోలు.

ఇది మనకు శుభవార్త. అడవిలో మిగిలిన జిట్రేగిని కొట్టకుండానే మంచి గిటారు చెయ్యవచ్చు. మరి దేనితో? ఆదిలాబాదు పేరు చెబితే కలపవాళ్ళకు మొదట గుర్తొచ్చేది టేకు. గోదావరికి ఉత్తరాన ఉన్న ఈ అడవులు టేకుకు పెట్టింది పేరు. వాటిలో ఒక భాగాన్ని 1965లో కవ్వాల్ అభయారణ్యంగా ప్రకటించారు, 2012లో అది పులుల రక్షిత ప్రాంతమయింది. అక్కడి చెట్టుమీద గొడ్డలి వెయ్యటం నేరం. పొలంగట్టు మీద మీ తాతగారు నాటిన టేకుచెట్టును కొట్టాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. అంచేత, పెద్ద పాత టేకుచెట్టు ఇవాళ ఎక్కడ ఉన్నదంటే, అడవిలో కన్నా పాత ఇళ్ళ కప్పుల్లో ఉన్నదనాలి! వంద నూట యాభై ఏళ్ళు తాపీగా పెరిగిన చెట్లను అప్పట్లో కొట్టి ఇళ్ళకు వాడారు. కరీంనగరు వైపు దొరల గడులలోనూ, ఆసాముల భవంతులలోనూ, గూనపెంకుల ఇళ్ళలోనూ స్తంభాలు, దూలాలు, వాసాలు, దర్వాజలు, అన్నీ అవే. ఊళ్ళు ముంపుకు గురైన చోట్ల, మధ్యమానేరు జలాశయం కింద అట్లాగే కొన్ని ఊళ్ళు పోయాయి, ఇల్లు విడిచిపెట్టే మనిషి గోడను మోసుకుపోలేడు. దర్వాజనూ దూలాన్నీ మోసుకుపోగలడు.

టేకుకు ఇంకో గుణం ఉన్నది. చెదపురుగు దాని జోలికి పోదు. దానిలో ఉన్న నూనెలోని టెక్టోక్వినోన్ అనే పదార్థం చెదలకు సరిపడదు. అందుకనే గోడలు కూలినా దూలాలు నిలుస్తాయి.

సరే, నూరేళ్ళు కప్పు మోసిన దూలంలో ఏం మారుతుంది? వానాకాలంలో మీ ఇంటి తలుపు బిగుసుకుపోయి, ఎండాకాలంలో వదులవుతుంది. గమనించారా? చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అప్పుడే కొట్టిన చెట్టులో నీళ్ళు నిండి ఉంటాయి. దానితో గిటారు చేస్తే నాలుగు నెలలలో పలకలు వంకరపోయి, అతుకులు విడిపోతాయి. అదే నూరు వేసవులూ, నూరు వానాకాలాలూ చూసిన దూలమైతే, వంగవలసిన వంకరలు వంగేసింది, పగలవలసిన చోట పగిలేసింది. అంతేకాదు, చెక్కలో తేమను బాగా పీల్చుకునే ఒక భాగం ఏళ్ళు గడిచినకొద్దీ నెమ్మదిగా శిథిలమవుతుంది. అంచేత పాత చెక్క కొత్తదానంతగా తేమకు ఉబ్బదు. రామగుండం వైపు ఎండలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. ఆ ఎండకూ తరవాత వచ్చే ముసురుకూ తట్టుకోవాలంటే ఈ నిలకడే కావాలి.

“పాత చెక్కకు పాత పాటలు గుర్తుంటా” యనీ, “అది తియ్యగా పాడుతుం” దనీ కొందరు అంటారు. నా మటుకు నాకు ఆ మాటలమీద నమ్మకం లేదు. ఇందాకటి నల్ల కళ్ళద్దాల పరీక్ష గుర్తు తెచ్చుకోండి. పాత దూలం గొప్పతనం దాని నిలకడలోనూ, దగ్గర దగ్గరగా ఉన్న దాని తిన్నని పోగులోనూ ఉన్నది. పైగా దానికోసం కొత్తగా ఒక చెట్టు కూలనక్కరలేదు. ఇంతకన్నా గొప్పలు దానికి అవసరం లేదు.

ఇక గిటారు మొదలుపెడదాం. మొట్టమొదట చెయ్యవలసిన పని అయస్కాంతం తెచ్చుకోవటం! ఎందుకో చెప్పండి చూద్దాం. పాత దూలంలో నూరేళ్ళుగా ఎవరెవరో కొట్టిన మేకులుంటాయి. దీపం తగిలించటానికి ఒకటి, ఉట్టి కట్టటానికి ఒకటి, పటం వేలాడదీయటానికి ఒకటి. పైకి తల కనబడని మేకు రంపం పండ్లకు తగిలిందంటే రంపం పాడవుతుంది, మనిషికీ ప్రమాదం. రంగులు వేసిన తలుపైతే ఇంకో జాగ్రత్త కావాలి. పాతకాలపు రంగులలో సీసం ఉండేది. దాన్ని గీకితే వచ్చే దుమ్ము విషం. టేకు పొట్టు కూడా కొందరికి దద్దుర్లు తెస్తుంది. అంచేత ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోందే ఈ పనికి దిగరాదు. ఈ పని పెద్దవాళ్ళది. మీరు దగ్గర ఉండి చూడవచ్చు.

మేకులు తీశాక కోత. ఒక లెక్క చెబుతాను, పెన్సిలు తీసుకోండి. దూలం మందం, వెడల్పు 20 సెంటీమీటర్లు. పొడుగు ఒక మీటరు పది సెంటీమీటర్లు అనుకోండి. నాలుగు మిల్లీమీటర్ల పలకలుగా కోస్తే, ఒక్కొక్క కోతకూ రంపం ఇంకో రెండు మిల్లీమీటర్లు పొట్టుగా తినేస్తుంది. అంటే పలకకు ఆరు మిల్లీమీటర్లు ఖర్చు. 200ను ఆరుతో భాగిస్తే 33 పలకలు వస్తాయి. గిటారు వీపుకు అరమీటరు పొడుగు ముక్కలు రెండు చాలు, అంటే ఒక పలక. రెండు పక్కలకూ చెరొక పలక. మొత్తం మూడు. కాగితం మీద పదకొండు గిటార్లు! నిజంగా కోసినప్పుడు మాత్రం చెట్టు నడిమి గుజ్జు భాగమూ, పగుళ్ళూ, మేకుల బెజ్జాలూ, పోగు వంకరలూ పోగా, సగం దక్కితే అదృష్టం. అయిదు గిటార్లనుకుందాం. పొయ్యిలో పెడితే ఆ దూలం ఒక పెళ్ళివంటకు కూడా చాలదు.

వీపుకు ఒక అందమైన ఉపాయం ఉన్నది. ఒకదాని పక్కనే ఒకటిగా కోసిన రెండు పలకలను పుస్తకం తెరిచినట్టు తెరిచి అతికిస్తారు. అప్పుడు చెక్కలోని చారలు అద్దంలో నీడలాగా రెండువైపులా ఒకటే బొమ్మ కడతాయి. ఎంత పాత దూలమైనా, కోసిన పలకలను వెంటనే అతికించరాదు. లోపలి చెక్కకు కొత్తగా గాలి తగులుతుంది గనక, సందులు వదిలి పేర్చి, నీడలో కొన్ని వారాలు ఉంచాలి.

పక్కలను వంచటం చూడముచ్చటగా ఉంటుంది. పక్క పలకను రెండు మిల్లీమీటర్ల పైచిలుకుకు చిత్రిక పట్టి, తడిపి, బాగా కాలిన ఇనప గొట్టానికి ఆనించి మెల్లగా నొక్కుతారు. చెక్క పోగులను కలిపి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం వేడికి మెత్తబడుతుంది. అప్పుడు పలక అప్పడంలాగా వంగుతుంది. చల్లారితే ఆ వంపులోనే గట్టిపడిపోతుంది. తొందరపడితే ‘ఫట్’! ఇంకో పలక తీసుకోవలసిందే. పాత చెక్క కొంచెం పెళుసు గనక, ఇక్కడ ఓపిక రెట్టింపు కావాలి.

అతికేటప్పుడు టేకు తన నూనెతో పేచీ పెడుతుంది. జిగురు పట్టనివ్వదు. అంచేత అతికే ముందు ఆ చోటును గరుకు కాగితంతో రుద్ది, నూనె తుడిచేసి, మళ్ళీ పైకి ఊరక ముందే జిగురు పెట్టాలి. పాతకాలపు పనివాళ్ళు తోలూ ఎముకలూ ఉడికించి తీసిన జిగురు వాడేవారు. ఇప్పటికీ కొందరు అదే వాడతారు. దానికో సుగుణం ఉన్నది: యాభై ఏళ్ళ తరవాత గిటారు మరమ్మతుకు వస్తే, వేడీ తేమా తగిలించి అతుకు విప్పవచ్చు.

మరి ముందు పలక? టేకు బరువు గనక దానికి అంతగా నప్పదు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క తేలికే. టేకు బరువులో సగం కూడా తూగదు. కాని అది మెత్తన, 70 కిలోల లాగుడుకు నిలవదు. అది బొమ్మకు పుట్టిన చెక్క. దాన్ని బొమ్మలకే వదిలేద్దాం. నిర్మల్ పనివాళ్ళకే అది చాలినంత దొరకటం లేదు. ముందు పలకకు స్ప్రూసో, దేవదారువంటి చెక్కో తెచ్చుకోక తప్పదు. పాత సామాను పెట్టెలలో ఒక్కొక్కప్పుడు అటువంటి చెక్క దొరుకుతుంది.

సామాను పెట్టె అంటే నవ్వకండి. అమెరికాలో బాబ్ టేలర్ అనే గిటార్ల తయారీదారు 1995లో ఒక పందెం లాంటి పని చేశాడు. మంచి చెక్క ఉంటేనే మంచి గిటారు వస్తుందా, పనివాడి చెయ్యి ముఖ్యమా అన్నది తగాదా. ఆయన తన కార్ఖానా వెనక పడి ఉన్న, సరుకు మోసే ఓక్ చెక్క చట్రం ఒకటి విప్పి, ఆ ముక్కలతో వీపూ పక్కలూ చేశాడు. ముందు పలకకు ఏ చెట్టుదో కూడా తెలియని ఒక కట్టుబడి దుంగ కోశాడు. మేకుల బెజ్జాలు దాచకుండా అట్లాగే కనబడనిచ్చాడు. గిటారు చక్కగా పలికింది!

ఇంకొక కథ మీ ఈడు పిల్లవాడిది, కాస్త పెద్దవాడనుకోండి. ఇంగ్లండులో బ్రయన్ మే అనే కుర్రవాడికి ఎలెక్ట్రిక్ గిటారు కావలసివచ్చింది. కొనటానికి డబ్బు లేదు. 1963లో తండ్రీ కొడుకూ కలిసి ఇంట్లోనే చెయ్యటం మొదలుపెట్టారు. గిటారు మెడకు చెక్క ఎక్కడిదనుకున్నారు? ఎవరో ఊడదీసి పారేసిన, నూరేళ్ళు దాటిన చలిమంట గూటి చట్రం! దానిలో పురుగులు తొలిచిన బెజ్జాలుంటే అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. మెట్ల మధ్య గుర్తులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. స్ప్రింగులు ఒక పాత మోటారు సైకిలువి. రెండేళ్ళు పట్టింది. ఆ కుర్రవాడు తరవాత ‘క్వీన్’ అనే సంగీత బృందంలో ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. ఆ గిటారునే ఇప్పటికీ వాయిస్తున్నాడు. అన్నట్టు, 2007లో ఆయన ఖగోళశాస్త్రంలో డాక్టరేటు కూడా తీసుకున్నాడు.

ఇంతసేపూ గిటారు గిటారు అంటున్నాం గాని, ఆదిలాబాదు అడవుల సొంత తీగవాద్యం వేరే ఉన్నది. దాని పేరు కీక్రి. కింగ్రి అని కూడా అంటారు. రాజగోండులకు వంశపారంపర్యంగా కథలు పాడే పర్ధానులు దానిని వాయిస్తారు. చెక్కను లోపల తొలిచి డొల్లచేసి, మీద తోలు బిగిస్తారు. మూడు తీగలు. గుర్రపు వెంట్రుకలు కట్టిన కమానుతో వాయిస్తారు. గిటారులో పల్చని పలక చేసే పని, ఇక్కడ తోలు చేస్తుందన్న మాట. అంచేత దీనికి స్ప్రూసూ అక్కర్లేదు, జిట్రేగీ అక్కర్లేదు. ఉన్న చెట్టుతో, ఉన్న తోలుతో పని గడుపుకోవటంలో ఆ పనివాళ్ళు ఏ విదేశీ పనివాడికీ తీసిపోరు.

కీక్రిని గురించి గోండులు ఒక కథ చెప్పుకుంటారు. వాళ్ళ దేవతల పిల్లలను పూర్వం ఒక కొండగుహలో పెట్టి, గుహ నోటికి పెద్ద బండ అడ్డం పెట్టారట. ఎవరికీ ఆ బండ కదలలేదు. అప్పుడు హీరాసుక పాటాలీర్ అనే గాయకుడు గుహ ముందు కూర్చుని కింగ్రి వాయించాడట. ఆ నాదం లోపలికి పోయి, పిల్లలలో ఎక్కడలేని బలమూ పుట్టింది. అందరూ ఒక్కసారిగా తోసేసరికి బండ దొర్లింది. పిల్లలు బయటపడ్డారు. కాని బండ దొర్లి వచ్చి, వాయిస్తున్న పాటాలీర్ మీదనే పడింది. ఆ గుహ మహారాష్ట్రలోని కచార్‌గఢ్‌లో ఉన్నదని చెబుతారు. ఏటా వేలమంది అక్కడికి యాత్ర పోతారు.

1940ల్లో ఆస్ట్రియా దేశం నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ అనే పండితుడు మార్లవాయి గ్రామంలో ఉండి, పర్ధానులు పాడే ఇటువంటి కథలను విని రాసుకున్నాడు. 1948లో ఆదిలాబాదు రాజగోండుల మీద ఆయన పుస్తకం అచ్చయింది. ఆ కథలలో అనేకం అంతవరకు కాగితం ఎక్కలేదు. కీక్రి వాయించే మనిషి నోట్లోనే ఉండేవి. వాయించే మనిషి పోతే, అతనితో కథ కూడా పోతుంది. ఇప్పుడు కీక్రి చేతపట్టే పర్ధానుల సంఖ్య బాగా తగ్గిపోయింది. కొడుకులు వేరే పనులలో స్థిరపడుతున్నారు. టేకు దూలాన్ని చూరులోంచి దించి గిటారు చెయ్యవచ్చు. కీక్రి పాటను మటుకు అట్లా దించుకోవటానికి వీలులేదు. ఎదురుగా కూర్చుని నేర్చుకోవలసిందే. మీలో ఎవరైనా ఉట్నూరు, జైనూరు వైపు వాళ్ళుంటే, కేస్లాపూరు నాగోబా జాతరకు పోయినప్పుడు ఆ వాద్యాన్ని వెతికి, దగ్గరగా విని రండి. మూడు తీగలలో ఏది కథ చెబుతున్నదో, ఏది ఊరికే వంతపాడుతున్నదో గమనించండి.

ఇక మీ ఊళ్ళో ఎక్కడైనా పాత ఇల్లు విప్పుతుంటే ఏం చెయ్యాలో చెబుతాను. చేతికి అందే చిన్న బద్ద ఒకటి అడిగి తీసుకోండి, మూరెడు పొడుగు చాలు. దానిని కొస దగ్గర పట్టుకోవద్దు. పొడుగును అయిదు భాగాలు చేసి, ఒక భాగం దగ్గర రెండు వేళ్ళతో వదులుగా పట్టుకొని వేలాడదీసి, నడిమధ్యన కొట్టండి. బద్ద మోగేటప్పుడు కదలకుండా ఉండే చోటు సుమారుగా అదే గనక, మీ వేళ్ళు దాని గొంతు నొక్కవు. తరవాత అదే కొలతకు మామిడి బద్ద, తుమ్మ బద్ద, అట్టచెక్క బద్ద కోయించి, వాటినీ అట్లాగే కొట్టి చూడండి. కిరాణా కొట్టులో తూయించి, ఏది ఎన్ని గ్రాములున్నదో పక్కన రాసుకోండి. బరువైనదే ఎక్కువసేపు మోగుతుందా, తేలికైనదా? కళ్ళు మూసుకొని, మీ చెల్లెలి చేత కొట్టించి, ఏది టేకో చెప్పగలరా? పదిసార్లలో ఎన్నిసార్లు సరిగా చెప్పారో లెక్కపెట్టండి.

వచ్చే నెల చెక్క వదిలి తోలు దగ్గరికి పోదాం. డప్పును వాయించే ముందు మంటకు ఎందుకు కాస్తారో చెప్పుకుందాం.